ఆ పెనాల్టీ సరైనదేనా? రగ్బీ బ్రేక్‌డౌన్ నిర్ణయాలపై పద్ధతిగా వాదించడం ఎలా

రగ్బీ టెస్ట్ (అంతర్జాతీయ) మ్యాచ్ అయిపోగానే ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. "రక్ దగ్గర ఆ పెనాల్టీ ఎందుకిచ్చాడు?", "మనవాడు చేసిందే అవతలివాడూ చేశాడు కదా, అక్కడ విజిల్ ఎందుకు వేయలేదు?" ఒక్కో మ్యాచ్‌కు విడిగా జవాబు చెప్పే బదులు, మీ అంతట మీరే తేల్చుకునేలా పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని కిందికి దించడం టాకిల్. ఆ వెంటనే బంతి కోసం రెండు జట్లవాళ్లూ పెనుగులాడే చోటు బ్రేక్‌డౌన్. అక్కడ బంతి పైన నిలబడి తోసుకునే గుంపు రక్.

బ్రేక్‌డౌన్ వాదనలు తేలకపోవడానికి రూల్ తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. ఎక్కువసార్లు ఇద్దరూ వేర్వేరు క్షణాల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఒక స్నేహితుడితో ఒకే పెనాల్టీ గురించి వారం రోజులు వాదించాను. నేను టాకిల్ చేసినవాడు పక్కకు దొర్లలేదంటున్నాను, తను కిందపడ్డవాడు బంతి వదల్లేదంటున్నాడు. రెండూ నిజమే. ఏది ముందు జరిగిందన్నది మాత్రం ఇద్దరం అడగలేదు. అడిగుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

రీప్లే పెట్టేముందు ఇవి దగ్గర ఉంచుకోండి.

- మ్యాచ్ పూర్తి రికార్డింగ్. టాకిల్‌కు పది సెకన్ల ముందు నుంచి విజిల్ తర్వాత పది సెకన్ల వరకు తప్పనిసరి.
- రిఫరీ మైక్ వినిపించే ఆడియో.
- వరల్డ్ రగ్బీ (ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ) నిబంధనల తాజా ప్రతి. ఫౌల్ ప్లే 9వ నిబంధన, టాకిల్ 14వది, రక్ 15వది.
- ఆ టోర్నీలో ప్రయోగాత్మక నిబంధనలేవైనా అమల్లో ఉన్నాయా అన్న సమాచారం.

నిబంధనల ప్రతి తాజాది కాకపోతే కష్టమంతా వృథా. ఉదాహరణకు, నిలబడి ఉన్న ఆటగాణ్ణి పట్టుకుని మెలితిప్పి కింద పడేసే "క్రోకడైల్ రోల్" ఒకప్పుడు మామూలు ఎత్తుగడ. 2024 జూలై 1 నుంచి అది పెనాల్టీ. 2019 ప్రపంచ కప్ క్లిప్ తెచ్చి "అప్పుడు ఇవ్వలేదుగా" అంటే ఆ వాదన నిలబడదు.

ఆడియో లేకపోతే సైగలు చదవండి. పెనాల్టీ ఇచ్చాక రిఫరీ దేనికిచ్చాడో చేతులతో చూపిస్తాడు.

- రెండు చేతులూ ఛాతీ దగ్గర, బంతి పట్టుకున్నట్టు: కిందపడ్డవాడు బంతి వదల్లేదు.
- మనిషిని వాటేసుకున్నట్టు చేతులు కలిపి, మళ్లీ తెరవడం: టాకిల్ చేసినవాడు మనిషిని వదల్లేదు.
- వేలు, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ ఒంటి నుంచి దూరంగా: పక్కకు దొర్లలేదు.
- చెయ్యి అడ్డంగా చాచి అర్ధవృత్తంగా ఊపడం: పక్క నుంచి వచ్చాడు.
- నేల దగ్గర చేత్తో ఊడ్చినట్టు: రక్‌లో చేతులు పెట్టాడు.

ఈ అయిదూ గుర్తుంటే సగం గొడవలు మొదలవ్వవు. "రక్‌లో చేతులు" అని ఇచ్చిన పెనాల్టీని "మావాడు బంతి వదిలేశాడుగా" అని ఖండించేవాళ్లు ఎంతమందో! అసలు మోపని నేరానికి జవాబు చెబుతుంటారు.

## 2. మీ ప్రశ్న ఏమిటో ముందు రాసుకోండి

"రిఫరీ తప్పు చేశాడు" అన్న మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి.

అ) నిబంధన ప్రకారం ఆ నిర్ణయం తప్పా?

ఆ) రిఫరీ నిలబడ్డ చోటు నుంచి, ఆ వేగంలో, అలా అనిపించడం సహజమేనా?

ఇ) అదే మ్యాచ్‌లో అలాంటి సందర్భాల్లో అందరికీ ఒకేలా ఇచ్చాడా?

ఒక్కోదానికి ఒక్కోరకం ఆధారం కావాలి. మొదటిదానికి నిబంధన, స్లో మోషన్ చాలు. రెండోదానికి స్లో మోషన్ పనికిరాదు, మామూలు వేగంలో, వైడ్ యాంగిల్‌లో చూడాలి. మూడోదానికి ఒక్క క్లిప్ ఎప్పుడూ సరిపోదు, ఎనభై నిమిషాలూ చూడాలి.

2011 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ ఇందుకు మంచి ఉదాహరణ. వెల్లింగ్టన్‌లో ఆస్ట్రేలియా 11-9తో దక్షిణాఫ్రికాను ఓడించింది. బ్రేక్‌డౌన్ దగ్గర ఆస్ట్రేలియా ఆటగాడు డేవిడ్ పోకాక్‌ను రిఫరీ బ్రైస్ లారెన్స్ అదుపు చేయలేదని దక్షిణాఫ్రికా అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. ఆ బాధ చాలావరకు మూడో ప్రశ్నకు చెందింది. కానీ వాదన ఎప్పుడూ పోకాక్ చేసిన ఒకటి రెండు దొంగతనాల (బ్రేక్‌డౌన్‌లో అవతలివాళ్ల బంతి లాక్కోవడం) మీదే నడుస్తుంది, అంటే మొదటి ప్రశ్న మీద. పైగా దక్షిణాఫ్రికా సొంత బంతి దొంగ హైన్రిక్ బ్రుస్సో మొదటి అర్ధభాగంలోనే గాయంతో బయటికి వెళ్లాడు. ఆ లోటును లెక్కలోకి తీసుకోకుండా రెండు జట్లకూ ఒకే న్యాయం జరిగిందా అని కొలవలేం.

## 3. క్షణాలను వరుసలో పెట్టండి

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. ఇక్కడ తొందరపడకండి. బ్రేక్‌డౌన్‌ను ఒక ఫొటోలా చూడకూడదు, రెండు మూడు సెకన్లలో జరిగిపోయే వరుసలా చూడాలి. ప్రతి మెట్టు దగ్గరా వీడియో ఆపి, ఆ మెట్టు ప్రశ్న ఒక్కటే అడగండి.

### 3.1 అసలు టాకిల్ జరిగిందా?

బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని కిందికి దించితేనే టాకిల్. కిందికి దించడమంటే పూర్తిగా పడుకోబెట్టడమే కాదు. ఒక్క మోకాలు నేలకు తగిలినా, కూర్చున్నా, నేల మీదున్న మరొకరి మీద పడినా సరిపోతుంది.

పట్టు లేకుండా తనంతట తాను జారిపడితే అది టాకిల్ కాదు, లేచి పరిగెత్తవచ్చు. పట్టుకున్నారు కానీ నిలబడే ఉన్నాడు, అతని జట్టువాడు కూడా వచ్చి అతుక్కున్నాడు అంటే అది మాల్, దాని లెక్క వేరు. మాల్ కూలిపోయి బంతి రాకపోతే, మాల్ మొదలైనప్పుడు బంతి లేని జట్టుకు స్క్రమ్ (రెండు జట్లూ గుంపుగా తోసుకుని ఆట మళ్లీ మొదలుపెట్టే పద్ధతి) వస్తుంది. రక్‌లో బంతి ఇరుక్కుంటే మామూలుగా ముందుకు కదులుతున్న జట్టుకు వస్తుంది. "బంతి మాదే, స్క్రమ్ వాళ్లకెలా ఇచ్చాడు?" అన్న ప్రశ్నకు తరచుగా ఇదే జవాబు.

### 3.2 టాకిల్ చేసినవాడు ఏం చేశాడు?

అతను వెంటనే మనిషినీ, బంతినీ వదలాలి. పక్కకు జరగాలి లేదా లేవాలి. మళ్లీ బంతి ముట్టుకోవాలంటే ముందు తన కాళ్ల మీద నిలబడాలి, అదీ తన వైపు నుంచే రావాలి.

చివరి మాట చాలామంది పాత అలవాటుతో మర్చిపోతారు. టాకిల్ చేసినవాడు లేచి ఏ వైపు నుంచైనా బంతి తీసుకోవచ్చన్న వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు.

టాకిల్‌కు సాయపడి, తను మాత్రం కింద పడనివాణ్ణి ప్రత్యేకంగా చూడండి. అతను ఒక్క క్షణమైనా స్పష్టంగా చేతులు తీసేసి, తర్వాతే బంతి మీదికి వెళ్లాలి. అతని చేతులకూ కిందపడ్డవాడికీ మధ్య వెలుతురు కనిపించిందా? కనిపించకపోతే తర్వాతి దొంగతనం ఎంత అందంగా ఉన్నా చెల్లదు.

### 3.3 కిందపడ్డవాడు ఏం చేశాడు?

బంతిని వెంటనే అందుబాటులోకి తేవాలి. పాస్ చేయవచ్చు, వదిలేయవచ్చు, ముందుకు తప్ప ఏ దిక్కుకైనా నెట్టవచ్చు.

"వెంటనే" అంటే ఎంత? నిబంధనల్లో సెకన్ల లెక్క లేదు. అందుకని నేను ఇలా కొలుస్తాను. అవతలివాడి చేతులు సక్రమంగా బంతి మీద పడే సమయానికి, కిందపడ్డవాడు ఇంకా రెండో కదలిక చేస్తున్నాడా? 2020లో వరల్డ్ రగ్బీ రిఫరీలకు ఇచ్చిన సూచనల్లో కూడా ఒక కదలిక వరకే అనుమతించమని ఉంది. ఒకసారి ఒళ్లు తిప్పి బంతి వెనక్కి పెట్టడం సరే. మళ్లీ దొర్లడం, మోకాళ్ల మీద పాకడం సరి కాదు.

### 3.4 మొదట బంతి మీదికి వచ్చినవాడు

ఇతన్నే జాకలర్ అంటారు. మూడు చూడండి.

- తన గోల్ లైన్ వైపు నుంచి వచ్చాడా?
- తన బరువును తన కాళ్లే మోస్తున్నాయా?
- చేతులు బంతి మీదే ఉన్నాయా, లేక బంతి దాటి నేల మీద ఉన్నాయా?

రెండోది అన్నింటికన్నా గట్టి పరీక్ష. కాళ్లు తప్ప ఒంట్లో మరే భాగమూ నేల మీదగానీ, నేల మీదున్న ఆటగాళ్ల మీదగానీ ఆనకూడదని నిర్వచనం. మాటకు మాట తీసుకుంటే ప్రపంచంలో సగం దొంగతనాలు చెల్లవు. రిఫరీలు దీన్ని కొంత సడలించి చూస్తారు, భుజాలు నడుము కన్నా బాగా కిందికి పోయినా ఊరుకుంటారు. నాకిది నచ్చదు. అయినా వాదించేటప్పుడు "నిబంధన ఇలా ఉంది", "ఇలా అమలు చేస్తున్నారు" అని రెండూ విడివిడిగా చెప్పాలి.

ఇంకో సంగతి. జాకలర్ అవతలివాళ్ల తోపుడును తట్టుకుని నిలబడితేనే పెనాల్టీ ఇవ్వాలన్న పాత అలవాటు 2020 సూచనల తర్వాత పోయింది. మెడ, మోకాళ్లు దెబ్బతినకుండా త్వరగా విజిల్ వేయమన్నారు. "అరక్షణం కూడా బంతి పట్టుకోలేదు, పెనాల్టీ ఎలా?" అన్న ఫిర్యాదు ఇక్కడ నిలవదు.

### 3.5 అతన్ని తోసేయడానికి వచ్చినవాడు

దాడి చేసే జట్టు తప్పులు ఎక్కువగా ఇక్కడే, చూసేవాళ్లు తక్కువగా చూసేదీ ఇక్కడే. కళ్లన్నీ జాకలర్ మీదే ఉంటాయి మరి.

పక్క నుంచి వచ్చాడా? వచ్చి తన కాళ్ల మీద ఉన్నాడా, లేక బంతి మీద పడి కప్పేశాడా? చేత్తో పట్టు వేశాడా? పట్టు అనేది శరీరంలో మరే భాగం తగలడానికన్నా ముందు, లేదా దాంతోపాటే పడాలి. భుజంతో గుద్ది తర్వాత చెయ్యి వేస్తే ఫౌల్ ప్లే కిందికి పోతుంది. భుజాల గీత కన్నా పైన తగిలినా అంతే.

### 3.6 రక్ ఏర్పడిందా, ఎప్పుడు?

నేల మీద బంతి, దాని పైన రెండు జట్ల నుంచి కనీసం ఒక్కొక్కరు, నిలబడి, ఒకరికొకరు తగులుతూ ఉంటే రక్. అప్పటి నుంచి చేతులు పెట్టకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. రక్ ఏర్పడక ముందే చేతులు బంతి మీద ఉన్నవాడు, నిలబడి ఉన్నంతసేపూ కొనసాగవచ్చు. కాబట్టి "రక్ అయ్యాక చేతులు పెట్టాడు" అనేముందు ఫ్రేమ్ వెనక్కి జరిపి చేతులెప్పుడు పడ్డాయో చూడండి.

ఆఫ్‌సైడ్ గీతకు (పెనుగులాటలో లేనివాళ్లు వెనకే ఉండాల్సిన గీత) మాత్రం రక్ దాకా ఆగనక్కర్లేదు. టాకిల్ తర్వాత నేల మీదున్న బంతి పైన ఒక్కరు నిలబడ్డా గీత పడుతుంది. ఇది ఎందుకొచ్చిందో గుర్తుంచుకుంటే రూల్ మర్చిపోరు. 2017 ఫిబ్రవరిలో ట్వికెన్‌హామ్‌లో ఇటలీ జట్టు ఇంగ్లండ్ మీద రక్‌లోకి మనుషుల్ని పంపకుండా ఆడింది. రక్ లేదు కాబట్టి ఆఫ్‌సైడ్ లేదు, ఇటలీ ఆటగాళ్లు ఇంగ్లండ్ వైపు వచ్చి నిలబడ్డారు. ఏం చేయాలో తెలియక ఇంగ్లండ్ ఆటగాళ్లు రిఫరీ రొమాన్ పొయిట్‌ను అడిగితే, తను రిఫరీనే కానీ కోచ్‌ను కానన్నాడు. ఇంగ్లండ్ చివరికి 36-15తో గెలిచింది. ఆ తర్వాత నిబంధన మారింది.

## 4. రెండు తప్పులుంటే ఏది లెక్కలోకి వస్తుంది?

వరుసగా చూస్తే దాదాపు ప్రతి బ్రేక్‌డౌన్‌లోనూ రెండు మూడు తప్పులు కనిపిస్తాయి. అన్నింటికీ విజిల్ వేస్తే ఆట నడవదు. అప్పుడు ఈ క్రమంలో అడగండి.

మొదట జరిగింది ఏది? టాకిల్ చేసినవాడు వదలకపోవడం వల్లే కిందపడ్డవాడు బంతి వదల్లేకపోతే, నేరం మొదటివాడిదే.

దాని వల్ల ఆటకు తేడా వచ్చిందా? బంతికి దూరంగా, ఎవరికీ అడ్డం కాకుండా పడున్నవాడు దొర్లకపోయినా రిఫరీ వదిలేస్తాడు. స్క్రమ్ హాఫ్ (రక్ నుంచి బంతి తీసి పాస్ చేసేవాడు) చేతి కింద పడుంటే వదలడు.

అడ్వాంటేజ్ (తప్పు జరిగినా, నష్టపోయిన జట్టుకు మేలైతే ఆట సాగనివ్వడం) నడుస్తోందా? రిఫరీ చెయ్యి చాపి ఉంటే, తప్పు చూశాడన్నమాటే. "చూడలేదు" అనకండి.

ముందే హెచ్చరించాడా? ఒకే జట్టు ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేస్తుంటే కెప్టెన్‌ను పిలిచి చెబుతాడు. ఆ తర్వాత వచ్చే ఎల్లో కార్డు ఆ ఒక్క తప్పుకు కాదు, మొత్తం వరుసకు. అరవయ్యో నిమిషపు క్లిప్ ఒక్కటే చూసి "ఇంత చిన్నదానికి కార్డా" అనేవాళ్లు నలభయ్యో నిమిషపు ఆడియో వినలేదన్నమాట.

## 5. ఒక నిజమైన నిర్ణయంపై పెట్టి చూద్దాం

2025 జూలై 26, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, ఆస్ట్రేలియా, లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) రెండో టెస్ట్. ఒక దశలో 23-5తో ముందున్న ఆస్ట్రేలియా, చివరి క్షణాల్లో లయన్స్ ఆటగాడు హ్యూగో కీనన్ ట్రైతో (గోల్ లైన్ దాటి బంతి నేలకు ఆనించడం) 26-29తో ఓడింది. ఆ ట్రైకి ముందు రక్‌లో లయన్స్ ఆటగాడు జాక్ మోర్గన్, బంతి మీదికి వంగిన కార్లో టిజానోను తోసేశాడు. రిఫరీ ఆండ్రియా పియార్డి, టీఎంఓ (వీడియో చూసి సాయపడే అధికారి)తో కలిసి రీప్లే చూసి, ఫౌల్ ప్లే లేదని ట్రై ఖాయం చేశాడు.

మెట్ల వారీగా వెళ్దాం. గొడవంతా 3.5 దగ్గరే ఉంది, మిగతా మెట్లు పక్కన పెట్టవచ్చు. ఆస్ట్రేలియా పట్టుకున్నది 9వ నిబంధనలోని మాట: రక్‌లో ప్రత్యర్థిని భుజాల గీత పైన తాకకూడదు. అవతలి పక్షం చెప్పేది: ఇద్దరూ ఒకేసారి చేరారు, ఇద్దరూ బాగా వంగి ఉన్నారు, మోర్గన్ చెయ్యి చుట్టడానికి ప్రయత్నించాడు.

ఇప్పుడు రెండో అధ్యాయంలోని ప్రశ్నలు తీయండి. "రిఫరీకి కనిపించలేదు" అనడానికి లేదు, రీప్లే చూశాడు. కాబట్టి "ఆ" ప్రశ్న పోయింది. "అ" ప్రశ్నకు నా జవాబు: నిబంధనలోని అక్షరాలు ఆస్ట్రేలియా వైపే ఎక్కువ మొగ్గుతాయి. "ఇ" ప్రశ్నను ఆ ఒక్క మ్యాచ్ దాటి చూస్తే: వారం వారం ఇలాంటి తోపుళ్లు పెనాల్టీ లేకుండానే పోతున్నాయి, ఆ అలవాటు ప్రకారం ఆ నిర్ణయం వింతదేమీ కాదు. రెండు జవాబులు వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి, అందుకే ఆ వాదన అన్నాళ్లు నడిచింది.

ఒక జాగ్రత్త. టిజానో మెడ పట్టుకుని పడిపోవడాన్ని ఆధారంగా వాడకండి, నటన అని కొట్టిపారేయకండి కూడా. ఎక్కడ తగిలిందో వీడియో చెప్పాలి.

## 6. తరచుగా చేసే తప్పులు, వాటి సవరణ

ఆగిన ఫొటో చూసి తీర్పు. ఒక్క ఫ్రేమ్‌లో ఎవరైనా దోషిలా కనిపిస్తారు. కనీసం మూడు ఫ్రేములు పెట్టండి: చేరినప్పుడు, తగిలినప్పుడు, విజిల్ అప్పుడు.

ఆఫ్‌సైడ్‌ను వంకర కోణం నుంచి కొలవడం. కెమెరా గీతకు సమాంతరంగా లేకపోతే అర మీటరు అటూ ఇటూ మోసం చేస్తుంది. గడ్డి మీది గీతలతో పోల్చి, చివరి పాదం ఎక్కడుందో గుర్తించండి. పోల్చడానికి గీత లేకపోతే ఆ వాదన వదిలేయండి.

పెనాల్టీల సంఖ్యతో పక్షపాతం తేల్చడం. 14-6 అన్న లెక్క ఒక్కటే ఏమీ చెప్పదు. ఎక్కువసేపు డిఫెన్స్‌లో ఉన్న జట్టుకు ఎక్కువ పెనాల్టీలు పడటం సహజం. బ్రేక్‌డౌన్ పెనాల్టీలను విడదీసి, ఏ జట్టు ఎన్ని టాకిల్స్ చేసిందో పక్కన పెట్టి చూడండి.

వ్యాఖ్యాత మాటను సాక్ష్యంగా తేవడం. మాజీ ఆటగాళ్లు తాము ఆడిన కాలపు నిబంధన చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. పుస్తకం తెరవండి.

"యూజ్ ఇట్" (రక్ నుంచి బంతి తీసి ఆడమని రిఫరీ చెప్పే మాట) లెక్క. అయిదు సెకన్లు బంతి కనిపించిన క్షణం నుంచి కాదు, రిఫరీ ఆ మాట అన్నప్పటి నుంచి.

## 7. మాట తీరు

నిర్ణయం గురించి రాయండి, మనిషి గురించి కాదు. 2021లో లయన్స్‌తో మొదటి టెస్ట్ తర్వాత దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్, రిఫరీ నిక్ బెర్రీ నిర్ణయాలపై 62 నిమిషాల వీడియో చేశాడు. అందులో కొన్ని ప్రశ్నలు న్యాయమైనవే అనిపిస్తాయి. కానీ అది బయటికి రావడం, మాట ఒక వ్యక్తి నిజాయితీ మీదికి మళ్లడం వల్ల ఆ ప్రశ్నలు వినేవాళ్లు లేకుండా పోయారు. అతనిపై రెండు నెలల పూర్తి నిషేధం, 2022 సెప్టెంబర్ దాకా మ్యాచ్ రోజు విధుల నుంచి నిషేధం పడ్డాయి.

2023 ప్రపంచ కప్ ఫైనల్‌లో టీఎంఓగా ఉన్న టామ్ ఫోలీ, తనకూ కుటుంబానికీ వచ్చిన దూషణల తర్వాత అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు. ఒక రక్ గురించి మాట్లాడుతూ అక్కడిదాకా వెళ్లడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీ వాదనను ఈ అచ్చులో పెట్టండి: "ఫలానా నిమిషంలో, ఫలానా ఆటగాడు, ఫలానా మెట్టు దగ్గర, ఈ పని చేశాడు. నిబంధన ఇది. రిఫరీ చెప్పిన కారణం ఇది. నా అభిప్రాయం ఇది." నాలుగైదు వాక్యాలు చాలు.

## 8. చెప్పేముందు చివరి చెక్‌లిస్ట్

- రిఫరీ ఏ నేరానికి విజిల్ వేశాడో వినిగానీ, సైగ చూసిగానీ తెలుసుకున్నాను.
- నా ప్రశ్న అ, ఆ, ఇ లలో ఏదో రాసుకున్నాను.
- మామూలు వేగంలో రెండుసార్లు చూశాకే స్లో మోషన్ చూశాను.
- 3.1 నుంచి 3.6 వరకు వరుస తప్పకుండా వెళ్లాను.
- మా జట్టు రంగులు మార్చి ఊహించుకున్నా ఇదే మాట అంటాను.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే "సగం సగం" అని రాసి, క్లిప్ దాచుకోండి. పక్కన రిఫరీ పేరు, తేదీ రాయండి. అదే రిఫరీ తర్వాతి మ్యాచ్‌లో అలాంటి రక్ వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.